నీళ్లలోనే ఉండే బోటు అడుగును కాపాడుకోవడం: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ప్రకాశం తీరంలో జువ్వలదిన్నె, కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు బోట్లున్నవాళ్లు తరచూ అడిగేది ఒకటే: "రంగు వేయించి మూడు నెలలు కాలేదు, అప్పుడే గుల్లలు పట్టేశాయి. ఏ కంపెనీ రంగు మంచిది?"

కంపెనీ మారిస్తే తీరే బాధ అయితే ఈ వ్యాసం ఒక్క లైనులో అయిపోయేది. చాలా బోట్లలో లోపం డబ్బాలో ఉండదు, పూత కింద ఉంటుంది. మైనం పోలేదు, ఉప్పు కడగలేదు, తడి ఆరలేదు, పైన రంగు మాత్రం పడింది. బోటు అడుగు బాగుండాలంటే అసలు పని ఒడ్డున జరగాలి. నీళ్లలోకి దిగాక మన చేతిలో మిగిలేది తుడవడమే.

## 1. ముందు మీ బోటు ఎలా బతుకుతుందో చూసుకోండి

ఒకరి బోటుకు పనికొచ్చిన రంగు పక్కవాళ్ల బోటుకు దండగ కావచ్చు. మూడు రకాలుగా విడదీసుకోండి.

రోజూ ఇసుక మీదికి లాగే ఫైబర్ బోటు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట్ల చాలా బోట్ల తీరు ఇదే. వీటికి గుల్లల బెడద తక్కువ, ఎండలో ఆరిపోతాయి కాబట్టి. మీ శత్రువు ఇసుక. ఖరీదైన యాంటీఫౌలింగ్ (గుల్లలు పట్టనివ్వని) రంగు వేస్తే కొద్దిరోజుల్లోనే ఇసుక గీకేస్తుంది. ఆ డబ్బు అడుగున పొడవునా ఉండే నిలువు పట్టీకి (కీల్), అరిగిన జెల్‌కోటు (ఫైబర్ మీది నున్నటి పైపొర) మరమ్మతుకు పెట్టండి. మీకు 5వ, 6వ అంచెలు చాలు.

క్రీకులోనో హార్బర్‌లోనో తేలుతూ ఉండే ఫైబర్ బోటు. ఈ వ్యాసం ప్రధానంగా మీ కోసమే.

చెక్క మర బోటు. పైవన్నీ మీకూ వర్తిస్తాయి. వాటికి తోడు కలపను తొలిచే పురుగు ఒకటి ఉంది. దాని సంగతి 5వ అంచెలో చెబుతాను.

నీటి ఉప్పదనం కూడా గమనించండి. ఈశాన్య రుతుపవనాల వానలకు పెన్నలో, గుండ్లకమ్మలో వరద వచ్చినప్పుడు ఏటి మొగల్లో నీరు చప్పబడుతుంది, గుల్లల జోరు తగ్గుతుంది. సంక్రాంతి దాటాక ఉప్పు పెరుగుతుంది. మాఘం నుంచి ఎండాకాలం చివరిదాకా అడుగు మీద కన్నేసి ఉంచాల్సిందే.

## 2. ఒడ్డెక్కించే సమయం

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. దీనికంటే మంచి అదను దొరకదు. ఏటా కనిపించే తప్పేమిటంటే, ఏప్రిల్, మే ఊరికే గడిపేసి జూన్ మొదటి వారంలో వడ్రంగి కోసం, రంగు కోసం అందరూ ఒకేసారి పరుగెత్తడం.

ఇంకో మాట. పోటుకు ఎక్కించి, ఆటుకు అడుగు గోకి, మళ్లీ పోటుకు దించేద్దాం అనుకునేవాళ్లున్నారు. మన తీరంలో అమావాస్య, పున్నమి పోట్లకు కూడా నీరు ఎక్కి దిగేది సుమారు మీటరే. చిన్న ఫైబర్ బోటు పక్క తుడవడానికి అది చాలు. పెద్ద బోటుకు పూర్తి పని ఆ సందులో కాదు.

నిషేధ కాలాన్ని ఇలా పంచుకోండి:

- మొదటి రెండు రోజులు: గోకడం, కడగడం.
- ఏప్రిల్ మిగతా రోజులు: ఆరబెట్టడం, తనిఖీ.
- మే మొదటి సగం: చెక్క పని, ఫైబర్ మరమ్మతు.
- మే రెండో సగం: గరుకు చేయడం, ప్రైమర్ (అసలు రంగు కింద వేసే పూత).
- జూన్ మొదటి వారం: చివరి ప్రైమర్ పూత, దాని వెంటే యాంటీఫౌలింగ్ పూతలు, జింకు బిళ్లలు (వీటి సంగతి 9వ అంచెలో).

## 3. సిద్ధం చేసుకోవాల్సినవి

- అడుగు కింద పరచడానికి పెద్ద పట్టా
- గోకడానికి వెడల్పు పట్టీ ఒకటి, ప్లాస్టిక్‌ది ఇంకొకటి
- ఒత్తిడితో నీళ్లు కొట్టే పంపు, మంచి నీళ్ల డ్రమ్ములు
- 80, 120 నంబరు వాటర్ పేపర్
- అసిటోన్ లేదా రంగు కంపెనీ చెప్పిన థిన్నర్, తెల్లటి నూలు గుడ్డలు
- ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే రకం) పుట్టీ, ఎపాక్సీ ప్రైమర్
- పొట్టి నూగు రోలర్లు, మూలలకు బ్రష్
- చేతి తొడుగులు, కళ్లద్దాలు, థిన్నర్ వాసనను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు

మూతికి తువ్వాలు కట్టుకోవడం మాస్కు కింద లెక్క కాదు. రాగి ఉన్న పాత రంగు పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

## 4. తడిగా ఉన్నప్పుడే గోకండి

బోటు ఒడ్డెక్కిన రోజే ఈ పని మొదలుపెట్టాలి. తడిలో ఉన్న పాచి గుడ్డతో పోతుంది. రెండు రోజులు ఎండిందా, పెచ్చులా పట్టేస్తుంది. గుల్లలూ అంతే.

1. కింద పట్టా పరచండి. పనయ్యేదాకా తీయొద్దు.
2. వెడల్పు పట్టీని అడుగుకు దాదాపు ఆనించి, పడుకోబెట్టినట్టు పట్టుకుని తోయండి. నిలబెట్టి గోకితే జెల్‌కోటు మీద, చెక్క మీద గాట్లు పడతాయి.
3. గుల్ల ఊడినా తెల్లటి గుండ్రటి మచ్చ మిగులుతుంది. అది గుల్ల పీఠం, సున్నపు పదార్థం. దాన్నీ తీసేయాలి. దాని మీద వేసిన రంగు మొదట అక్కడే లేస్తుంది.
4. మంచి నీళ్లతో పైనుంచి కిందికి కడగండి. ఉప్పు మిగిలితే గాలిలోని తేమను లాక్కుంటుంది, పూత కింద బుడగలు వస్తాయి.
5. పట్టాలో పడిన చెత్తనంతా మూటకట్టి, మళ్లీ నీళ్లలోకి కొట్టుకుపోని చోట పారేయండి.

ఈ చివరిది చాదస్తం అనుకోవద్దు. మన క్రీకుల నీటినే రొయ్యల చెరువులవాళ్లు మోటార్లతో తోడుకుంటారు. రాగి రొయ్య పిల్లలకు విషం. మీ బోటు మీంచి రాలిన ఎర్రటి పొడి మీ బావమరిది చెరువులోకే పోవచ్చు.

## 5. తనిఖీ: వేళ్లతో, సుత్తితో, కళ్లతో

ఫైబర్ అయితే. ఎండలో ఏటవాలుగా చూస్తే చిన్న పొక్కులు కనిపిస్తాయి. ఒకటి గుచ్చండి. లోపలి నీరు పుల్లటి వాసన వస్తే, నీరు ఫైబర్ పొరల్లోకి చేరిందన్నమాట. పొక్కు తెరిచి, మంచి నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఆపైన ఎపాక్సీ పుట్టీతో నింపాలి. ఆరకముందే నింపితే నీటికి మూత పెట్టినట్టే.

ఇక్కడ ఒక పట్టింపు ఉంది. మన దగ్గర ఫైబర్ బోట్లు ఎక్కువగా పాలియెస్టర్ రెసిన్‌తో (ఫైబర్ పొరలను అంటించే జిగురు) కడతారు. పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది. ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా అంటుకోదు. కాబట్టి ముందు ఫైబర్ పని, తర్వాతే ఎపాక్సీ పని.

చెక్క అయితే. చిన్న సుత్తితో ప్రతి పలకనూ తట్టుకుంటూ పోండి. గట్టి కలప కంగుమంటుంది, తొలిచిన కలప డొల్ల శబ్దం చేస్తుంది. అనుమానం ఉన్నచోట దబ్బనంతో గుచ్చి చూడండి.

కలప పురుగుతో చిక్కేమిటంటే, పైకి కనిపించేది గుండుసూది తలంత రంధ్రమే. పిల్ల దశలో అందులోంచి దూరి, లోపల తింటూ పెరుగుతుంది. పలక పైకి నున్నగా ఉంటుంది, లోపల వేలు పట్టేంత సొరంగాలుంటాయి. పైగా బోటు ఒడ్డెక్కగానే అది రంధ్రానికి బిరడా వేసుకుని వారాల తరబడి బతకగలదు. అందుకే నాలుగైదు రోజులు ఎండబెట్టి చచ్చిందనుకుంటే పొరపాటు. నిషేధ కాలంలో ఎక్కువ భాగం పొడిగా ఉంచితేనే నమ్మకం. డొల్లబడిన పలకను మార్చాల్సిందే, పైన పుట్టీ పూస్తే లాభం లేదు.

మరీ ఎండితే పలకల సందులు తెరుచుకుంటాయి కదా అంటారు. నిజమే. అందుకే నేరుగా ఎండ కొట్టకుండా తాటాకు పందిరో, టార్పాలినో వేసి నీడలో ఆరబెట్టాలి. సందుల్లో కుళ్లిన దూది, నార తీసి కొత్తది కూరి, పైన పుట్టీ పెట్టించండి. దించిన మొదటి రోజు కొంచెం నీరు ఊరుతుంది, చెక్క ఉబ్బాక ఆగుతుంది. ఆ రాత్రి పంపు సిద్ధంగా పెట్టుకుని ఒక మనిషిని బోటులోనే ఉంచండి.

చెక్క మీద ఫైబర్ తొడుగు వేయించాలనుకునేవాళ్లు కలప లోపలిదాకా ఆరిందని తేలాకే వేయించండి. తడి లోపల చిక్కుకుంటే కలప కనపడకుండా కుళ్లుతుంది.

ఇనుము, ఇత్తడి భాగాలు. చుక్కాని బోల్టులు, షాఫ్టు, ఫ్యాను (బోటును తోసే ప్రొపెల్లర్) చూడండి. ఇత్తడి ఫ్యాను గులాబీ రంగులోకి మారి ఉంటే అందులోని జింకు తినేయబడుతోందని గుర్తు. జింకు బిళ్లలు పనిచేయడం లేదేమో 9వ అంచెలో చూసుకోండి.

## 6. జిడ్డు తీయడం, గరుకు చేయడం

కొత్త ఫైబర్ బోటుకు రంగు పెచ్చులుగా ఊడిపోతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే: అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన మైనం జెల్‌కోటు మీద మిగిలిపోవడం.

వరుస ముఖ్యం. ముందు జిడ్డు తీయాలి, తర్వాత రుద్దాలి. తిరగేస్తే వాటర్ పేపర్ మైనాన్ని గీతల్లోకి ఇంకా లోపలికి నెడుతుంది.

1. అసిటోన్‌లో తడిపిన గుడ్డతో ఒక చేయి వెడల్పు మేర తుడవండి. వెంటనే పొడి గుడ్డతో తుడవండి. గుడ్డలు తరచూ మార్చండి. మురికి గుడ్డ మైనాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోస్తుంది, అంతే.
2. అడుగు మీద మంచి నీళ్లు చల్లండి. నీరు పొరలా పరుచుకుంటే శుభ్రం. తామరాకు మీద లాగా పూసలు కడితే మళ్లీ తుడవాలి.
3. 80 నంబరుతో మొదలుపెట్టి 120తో ముగించండి. మెరుపు ఎక్కడా మిగలకూడదు.
4. పాత రంగు గట్టిగా పట్టుకుని ఉంటే మొత్తం తీయనక్కర్లేదు. ఊడుతున్నదంతా తీసి, అంచులు పల్చగా రుద్ది కలిపేయండి.
5. నీళ్లతో తడుపుతూనే రుద్దండి. పొడిగా రుద్దితే రాగి దుమ్ము గాలిలో లేస్తుంది.

## 7. ఏ రంగు?

యాంటీఫౌలింగ్ రంగుల్లో పనిచేసేది ఎక్కువగా రాగి ఆక్సైడ్. అది నెమ్మదిగా నీళ్లలోకి కరుగుతూ గుల్లల పిల్లలను నిలవనివ్వదు. తేడా అంతా ఎలా కరుగుతుందన్న దానిలోనే.

గట్టి రకం. పొర అలాగే ఉంటుంది, లోపలి రాగి మాత్రమే బయటికొస్తుంది. తుడవడానికి, గోకడానికి తట్టుకుంటుంది. ఏటేటా పాత పొరలు పేరుకుంటాయి.

తానే అరిగే రకం. నీటి రాపిడికి పైపొర అరుగుతూ కొత్త పొర బయటపడుతుంది. బోటు నడిస్తేనే ఇది పనిచేస్తుంది. రోజూ వేటకు పోయే బోటుకు నా ఓటు దీనికే. వారాల తరబడి కట్టేసి ఉంచే బోటుకు ఇది కొని, పనిచేయలేదని కొట్టువాడితో గొడవపడితే ఏం లాభం?

మెత్తటి రకం. చవక. చేయి తగిలితే అంటుకుంటుంది, తుడిస్తే పోతుంది. సీజనుకొకసారి తిరిగి వేసుకునేవాళ్లకు పరవాలేదు.

మరో మూడు జాగ్రత్తలు:

- అల్యూమినియం అడుగుకు, బోటు వెనక తగిలించే అవుట్‌బోర్డు ఇంజను కాలికి (నీళ్లలో మునిగే భాగానికి) రాగి ఆక్సైడ్ రంగు వేయొద్దు. ఉప్పునీటిలో రాగి పక్కన అల్యూమినియం తినేయబడుతుంది. రాగి లేని రకం అడగండి.
- పాత స్టాకు పేరుతో తగరం కలిసిన రంగు ఇస్తామంటే తీసుకోవద్దు. ఆ రకాన్ని 2008 నుంచి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది.
- మామూలు ఎనామిల్‌లో మైలుతుత్తం కలిపి వేయొద్దు. మైలుతుత్తం నీటిలో ఇట్టే కరిగిపోతుంది. కొద్దిరోజుల్లో మీకు మిగిలేది గుంతలు పడిన ఎనామిల్, దాని మీద గుల్లలు.

ఎంత కావాలి? నీటి గీత దగ్గర పొడవును, వెడల్పూ మునిగే లోతూ కలిపిన మొత్తంతో గుణించండి. 9 మీటర్ల పొడవు, 2.2 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉంటే 9 × 2.7, అంటే సుమారు 24 చదరపు మీటర్లు. లీటరుకు 8 చదరపు మీటర్లు అనుకుంటే ఒక పూతకు 3 లీటర్లు, రెండు పూతలకు 6. అంచుల కోసం ఇంకో లీటరు ఉంచుకోండి.

## 8. పూత వేసే వరుస

రంగు వేసే రోజు పొద్దున్నే మంచు తడి ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించండి. రోహిణి కార్తె మధ్యాహ్నం వేడెక్కిన ఫైబర్ మీద రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. సాయంత్రం వేద్దామంటే సముద్రపు గాలి ఉప్పు తేమను తెచ్చి అడుగుకు పూస్తుంది. రెండు పూతల మధ్య ఒక రాత్రి గడిస్తే, పొద్దున మంచి నీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాకే తర్వాతి పూత.

1. నీటి గీత నాలుగు వేళ్లు పైకి పెట్టి టేపు అంటించండి. లోడు ఎక్కితే బోటు దిగుతుందని మర్చిపోవద్దు.
2. ఎపాక్సీ ప్రైమర్ రెండు భాగాలను డబ్బా మీద చెప్పిన కొలతలోనే కలపండి. కంటి అంచనా పనికిరాదు.
3. చివరి ప్రైమర్ పూత బొటనవేలితో నొక్కితే కొంచెం జిగటగా ఉండి, వేలికి రంగు అంటని దశలో మొదటి యాంటీఫౌలింగ్ వేయండి. ఈ అదను తప్పితే మళ్లీ గరుకు చేయాలి.
4. డబ్బా తెరిచాక అడుగుదాకా కలపండి. రాగి బరువుగా ఉండి కింద గడ్డకడుతుంది. కలపకుండా వాడితే పైనున్న పల్చటి రంగు బోటుకు, అసలు సరుకు డబ్బాకు. వేస్తున్నంతసేపూ మధ్యమధ్యలో కలుపుతూ ఉండండి.
5. రెండు పూతలకు రెండు రంగులు వాడండి. కింద ఎరుపు, పైన నలుపు లేదా నీలం. ఎరుపు కనపడిన రోజు పైపూత అయిపోయిందని తెలుస్తుంది, అంచనాలు అక్కర్లేదు.
6. నీటి గీత, ముందు మొన, నిలువు పట్టీ, చుక్కాని అంచులకు మూడో పూత వేయండి. అరుగుదల అక్కడే ఎక్కువ.
7. ఒడ్డున బోటును నిలిపే దిమ్మెలు ఆనిన చోట్లు వదిలేస్తున్నారు చాలామంది. చివరి పూతకు ముందే దిమ్మెలు జరిపి అక్కడ కూడా అన్ని పూతలూ వేయండి. గుల్లలు మొదట వెతుక్కునేది ఆ చోటే.

కిరోసిన్, డీజిల్ పోసి పల్చన చేయొద్దు. థిన్నర్ కూడా డబ్బా మీద చెప్పిన దానికంటే ఎక్కువ వద్దు. ఎన్ని గంటలకు దించాలి, ఎన్ని రోజులు దాటకూడదు అన్న రెండు అంకెలూ డబ్బా మీదే ఉంటాయి, పారేసేముందు ఫోటో తీసి పెట్టుకోండి.

## 9. జింకు బిళ్లలు

షాఫ్టు, ఫ్యాను, చుక్కాని తినేయబడకుండా వాటి బదులు తాను తినేయబడేది జింకు బిళ్ల. కాబట్టి దాని మీద రంగు వేయకూడదు. వేస్తే అది పనిచేయదు.

- సగం అరిగితే మార్చండి.
- ఏడాదైనా అరగకపోతే సంతోషించవద్దు. లోహంతో సరిగా తగలడం లేదన్నమాట. బోల్టు, దాని కింది చోటు మెరిసేలా రుద్ది మళ్లీ బిగించండి.
- ఎక్కువకాలం ఏటి మొగలో చప్పటి నీటిలో ఉండే బోటుకు అల్యూమినియం బిళ్ల మేలు. అక్కడ జింకు మీద తెల్లటి పొర కట్టి పని ఆగిపోతుంది.

## 10. నీళ్లలో ఉండగా తుడవడం

"ఎన్నాళ్లకొకసారి?" అంటే, వేడి నెలల్లో పది, పదిహేను రోజులకొకసారి. వానల్లో నెలకొకసారి చాలు. చేత్తో తడిమితే జిగురు తగిలిందంటే అదే అదను. పాచి దశలో గుడ్డతో పోయేది గుల్ల దశకు వచ్చాక పట్టీతో కూడా కష్టపడుతుంది, దానితోపాటు రంగూ పోతుంది.

దిగే ముందు:

- ఇంజను ఆపి, తాళం తీసి దిగేవాడి దగ్గరే ఉంచుకోవాలి.
- పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి.
- పోటు, ఆటు జోరు తగ్గి నీరు నిలకడగా ఉన్నప్పుడే దిగాలి. పక్కన పెద్ద బోట్లు తిరుగుతుంటే వద్దు.
- తొడుగులు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి.

చిన్న బోటుకు దిగకుండానే ఒక పద్ధతి ఉంది. పాత కార్పెట్ ముక్కకు రెండు వైపులా తాడు కట్టి, అడుగు కిందుగా వేసి, ఇటొకరు అటొకరు లాగుతూ ముందు నుంచి వెనక్కి జరగండి. జిగురు మొత్తం పోతుంది.

దిగి తుడిస్తే స్పాంజి లేదా మెత్తటి గుడ్డ చాలు. వైరు బ్రష్ ముట్టుకోవద్దు. నీళ్లలో రంగు మబ్బులా లేస్తోందంటే మీరు పాచిని దాటి పూతను తుడుస్తున్నారు. అక్కడక్కడా చిన్న గుల్ల కనిపిస్తే ప్లాస్టిక్ పట్టీ వాడండి.

ఫ్యాను మాత్రం ప్రతిసారీ చూడాలి. అడుగంతా నున్నగా ఉన్నా, రెక్కల మీద నాలుగు గుల్లలుంటే బోటు లాగదు, వణుకు పుడుతుంది. ఇంజనుకు చల్లనీరు లాగే రంధ్రం జాలీని కూడా గోకండి. అవుట్‌బోర్డు అయితే ఒడ్డుకు రాగానే కాలిని పూర్తిగా నీటిపైకి లేపి పెట్టండి.

గుల్ల గీరుకుంటే చిన్న గాయమే కదా అని వదిలేయొద్దు. వెంటనే మంచి నీళ్లు, సబ్బుతో కడగండి. ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. షుగరు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు సముద్రపు నీటి సూక్ష్మజీవులతో ప్రాణం మీదికి రావచ్చు, వాళ్లు ఈ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది.

## 11. తేడా వచ్చినప్పుడు

నీటి గీత దగ్గర మాత్రమే పచ్చటి నాచు. ఎండ తగిలే చోటు కాబట్టి సహజం. వారానికోసారి పైనుంచే తుడవండి. వచ్చే ఏడు అక్కడ మూడో పూత మర్చిపోవద్దు.

రంగు పెచ్చులుగా ఊడుతోంది. పెచ్చు వెనక వైపు చూడండి. నున్నగా మెరుస్తుంటే కింద మైనమో, జిడ్డో ఉంది, ఆ మేరకు మొత్తం తీసి 6వ అంచె నుంచి మళ్లీ రావాలి. వెనక పాత రంగు అంటుకుని వస్తే పాత పొరే బలహీనం, దాన్ని పూర్తిగా తీసేయాలి.

వరుసగా గీతల్లా గుల్లలు. రోలరు పడని చోట్లు. ఒడ్డెక్కినప్పుడు అక్కడే గరుకు చేసి రెండు పూతలు వేస్తే సరిపోతుంది.

ఒక్కసారిగా ఇంజను వేడెక్కుతోంది, అడుగు శుభ్రంగానే ఉంది. ముందు చల్లనీటి జాలీ చూడండి, ఆ తర్వాతే మెకానిక్‌కు ఫోను.

కట్టేసిన బోటుకు రెండు నెలల్లోనే దట్టంగా పట్టేసింది. రంగు రకం తప్పు కావచ్చు, 7వ అంచె చూడండి. ఈలోపు వీలైతే ఆ బోటును వారానికోసారి కట్టు విప్పి కాసేపు జోరుగా తిప్పి రండి. అదీ కుదరకపోతే ఒడ్డు మీద పెట్టుకోవడమే చవక.